కంటి కింద పుండు, నోట్లో మూలం: చండూరు తోట కుక్క కేసు

ల్యాబ్రడార్, మగది, 8 ఏళ్లు, 29 కిలోలు, పేరు టైగర్. చండూరు అవతల ఒక బత్తాయి తోటకు కాపలా. ఎడమ కంటి కింద వేలెడు దూరంలో ఒక పుండు, మానడం మళ్లీ చీము కారడం, ఇట్లా ఎండాకాలం మొదలైన కాడి నుంచి నడుస్తోంది. కంటి చుక్కలు వేశారు, పైపూతలు పూశారు, ఒకచోట ముల్లు గుచ్చుకుందని కోసి చూశారు, ఏమీ దొరకలేదు. ఇంజెక్షన్లు పడ్డన్ని రోజులు ఆరిపోతుంది, ఆపిన రెండు మూడు వారాలకు అదే చోట బుడిపెలా లేచి పగులుతుంది. దీంతోపాటు తోట యజమాని చెప్పిన రెండో సంగతి, కింది ముందు పళ్లు రెండు ఊడిపోయాయని, అందులో ఒకటి అన్నం పెట్టే సత్తు గిన్నెలోనే దొరికిందని. ఆయన దాన్ని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకొచ్చాడు. చాలామంది పారేసి వస్తారు, తేవడం చాలా పనికొచ్చింది.

కారణం కూడా ఆయనే తేల్చేశాడు. "ఫ్లోరైడ్ నీళ్లు సారూ. మా బోరు నీళ్లకు మనుషుల పండ్లే నిల్వలే, కుక్కయి నిలుస్తయా?"

నల్గొండలో ఇది తీసిపారేసే మాట కాదు. మర్రిగూడ, మునుగోడు, చండూరు పక్క పల్లెల్లో వంగిన నడుములు, గార పట్టినట్టున్న పళ్లు చూస్తూ పెరిగిన వాళ్లం. తాగే నీళ్లలో లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న ఫ్లోరైడ్ ఇక్కడి బోర్లలో ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం వేసి దాన్ని తగ్గించే పద్ధతికి దేశమంతా నల్గొండ టెక్నిక్ అనే పేరు. మిషన్ భగీరథ నల్లాలు వచ్చాక ఇళ్లలో పరిస్థితి మారింది కానీ తోటల్లో, పశువుల తొట్ల దగ్గర ఇప్పటికీ బోరు నీళ్లే. అందుకని మా దగ్గర కుక్క పన్ను పచ్చబడ్డా, విరిగినా, ఊడినా నింద ఫ్లోరైడ్ మీదికే పోతుంది. అది నింద వేసినంత తేలిక కాదు, కుక్కల విషయంలో మరీను. ఈ కేసు రాయడానికి సగం కారణం అదే.

ముందు పరీక్ష సంగతి. జ్వరం 103 దాటలేదు. కన్ను శుభ్రంగా ఉంది, నల్లగుడ్డు మీద గీత లేదు, రెప్పలు బాగున్నాయి. పుండు మాత్రం చర్మపు పుండులా లేదు, అంచులు లోపలికి లాగినట్టు ఉండి మధ్యలో జొన్నగింజంత రంధ్రం, నొక్కితే ఎముక పక్కనుంచి వస్తున్నట్టు చిక్కటి చీము. కంటి కింద, చెంప ఎముక ముందు, ఒకే చోట మళ్లీ మళ్లీ పగిలే వాపు కనిపిస్తే కుక్కలో ముందు చూడాల్సింది పై దవడ నాలుగో ప్రీమోలార్. మాంసాన్ని కత్తెరలా కోసే పెద్ద పన్ను అదే, మూడు వేర్లు ఉంటాయి, వాటి కొసలు సరిగ్గా ఆ చోటికి వస్తాయి. వేరు కొసలో చీము పడితే ఎముకను తొలుచుకుని చర్మం మీదికి దారి చేసుకుంటుంది. పైన ఎంత మందు పూసినా కింద ఊట ఆగదు.

పెదవి ఎత్తి చూస్తే రెండు పక్కలా ఒకేలా లేదు. కుడి పక్క పళ్లు ఆ వయసుకు ఫర్వాలేదు. ఎడమ పక్క మాత్రం పై దవడ పళ్ల మీద గోధుమరంగు గార పెంకులాగా కట్టింది, చిగురు ఎర్రగా ఉబ్బి, ముట్టుకుంటే రక్తం. ఈ తేడా దగ్గర ఆగి ఆలోచించాలి. ఏ పక్క నొప్పి ఉంటే ఆ పక్క కుక్క నమలదు, నమలని పక్క రాపిడి ఉండదు కాబట్టి గార త్వరగా పేరుకుంటుంది. మీ కుక్కకు ఒక పక్కే పళ్లు మురికిగా ఉన్నాయంటే ఆ పక్క ఏదో ఉందని లెక్క. యజమానిని అడిగితే, అవును, రొట్టె కుడి పక్కకు తిప్పుకుని తింటున్నాడు, ఈమధ్య ఎండు రొట్టె వదిలేస్తున్నాడు, ముసలోడైండు అనుకున్నాం అన్నాడు. కుక్క నొప్పి అని అరవదు, తిండి పూర్తిగా మానదు కూడా. నోరు సగం కుళ్లినా తోక ఊపుతూ గిన్నె ఖాళీ చేస్తుంది. మనం మోసపోయేది అక్కడే.

ఫ్లోరైడ్ మాటకు జవాబు ఆయన ముందే చూపించాను. గార గీకే పరికరం స్కేలర్ మొన పెట్టి కోరపన్ను మీది గోధుమ పొరను గీకితే చిన్న పెంకు ఊడి కింద పడింది, దాని కింద పన్ను తెల్లగా, నున్నగా ఉంది. ఆయన ఆ పెంకును చేతిలోకి తీసుకుని వేళ్ల మధ్య నలిపి చూశాడు, సున్నంలా పొడి అయింది. ఫ్లోరైడ్ మచ్చ అలా ఊడదు, ఎందుకంటే అది పన్ను మీద పట్టింది కాదు, పన్ను తయారయ్యేటప్పుడే ఎనామిల్ (పన్ను గట్టి పైపొర) లోపల కలిసిపోయింది. పైగా అది రెండు పక్కలా, ఒకే కాలంలో తయారైన జతపళ్ల మీద ఒకే తీరుగా ఉంటుంది. ఒక పక్కే ఉందంటే ఫ్లోరైడ్ కాదు.

ఇంకో గట్టి సాక్ష్యం టైగర్ పుట్టుపూర్వోత్తరాల్లో దొరికింది. కొడుకు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్‌లో పెంచుకుంటానని కొన్న పిల్ల, ఏడాది నిండాక సంభాళించలేక తోటకు తోలాడు. (మా జిల్లా తోటల్లో కనిపించే ల్యాబ్రడార్లలో చాలావాటి కథ ఇదే, అది వేరే చర్చ.) కుక్కకు 28 పాలపళ్లు, వాటి స్థానంలో 42 శాశ్వత పళ్లు. ఆ 42 కూడా నాలుగో నెల నుంచి ఏడో నెల లోపే వచ్చేస్తాయి, వాటి ఎనామిల్ అంతకంటే ముందే చిగురు లోపల తయారైపోతుంది. అంటే టైగర్ బోరు నీళ్లు తాగడం మొదలుపెట్టేనాటికి ఫ్లోరైడ్ పాడుచేయడానికి ఎనామిల్ పని ఏమీ మిగల్లేదు. మరి మా బర్రెలకు ఎందుకొస్తుంది సారూ అని ఆయన అడిగిన ప్రశ్న నాకు నచ్చింది. పశువుకు శాశ్వత ముందుపళ్లలో మొదటి జత వచ్చేదే రెండేళ్లకు అటూఇటుగా, చివరి జత వచ్చేసరికి నాలుగేళ్లు, బర్రెకు ఇంకా ఎక్కువే పడుతుంది. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని వయసు లెక్కపెట్టే రైతుకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. అన్నేళ్లూ దవడలో పళ్లు తయారవుతుండగానే అది బోరు నీళ్లు తాగుతుంటుంది. కుక్కకు ఆ గండం కొద్ది నెలలే. పుట్టినప్పటి నుంచి బోరు నీళ్ల మీదే పెరిగిన కుక్కపిల్లకు మచ్చలొస్తే ఫ్లోరైడ్ ఒక అనుమానం అవుతుంది. అక్కడ కూడా చిన్నప్పుడు డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి బతికిందా అని తప్పకుండా అడగాలి, ఆ జబ్బు కూడా ఎనామిల్‌ను గుంటలు గుంటలుగా చెడగొడుతుంది.

మెలకువగా ఉన్న కుక్క నోట్లో ఇంతకంటే చూడలేం. మత్తు ఇచ్చి ఎక్స్‌రే తీసి చూడాలి, చాలావరకు పన్ను తీయాల్సి వస్తుంది అని చెప్పి రక్తపరీక్షకు పంపాను. కిడ్నీ, లివర్ బాగున్నాయి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు 74 వేలు. కుక్కకు తక్కువలో తక్కువ రెండు లక్షలు ఉండాలి. చెవుల్లో, కాలివేళ్ల సందుల్లో పిడుదులు ముందే చూశాను కాబట్టి కిట్ పెడితే ఎర్లీకియా, అంటే పిడుదుల నుంచి సోకే పిడుదుల జ్వరం, పాజిటివ్.

పిడుదుల జ్వరం మన ప్రాంతంలో ఎంత మామూలంటే, బయటికి బాగానే తిరుగుతున్న కుక్కలో కూడా అది దాక్కుని ఉంటుంది. ఆ ప్లేట్‌లెట్లతో మూడు వేర్ల పన్ను పీకితే రక్తం ఆగకుండా ఇబ్బంది పడతాం. నోటి ఆపరేషన్‌కు ముందు ప్లేట్‌లెట్లు చూడకుండా మత్తు ఇవ్వొద్దనేది నా గట్టి అభిప్రాయం, కనీసం తెలంగాణలో ప్రాక్టీస్ చేసేవాళ్లకు. ఆపరేషన్ వాయిదా వేసి డాక్సీసైక్లిన్ కిలోకు 10 మిల్లీగ్రాముల లెక్కన, రోజుకు 300, కడుపులో అన్నం పడ్డాకే ఇవ్వాలని చెప్పి 28 రోజులు రాశాను. పిడుదుల మందు కుక్కకూ, అది పడుకునే షెడ్డు గోడల పగుళ్లలోకీ. నొప్పికి మామూలుగా మెలాక్సికామ్ వాడేవాణ్ని, ప్లేట్‌లెట్లు తక్కువ ఉన్నందున దాన్ని పక్కన పెట్టి గబాపెంటిన్ క్యాప్సూల్ ఇచ్చాను. క్యాప్సూలే అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది, మనుషుల సిరప్పుల్లో కొన్నిటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటుంది, అది కుక్కకు విషం.

అనుకున్నట్టే కోర్సు సగం కాకముందే పుండు ఆరిపోయింది. ఆయన ఫోన్ చేశాడు. "మొత్తం మానింది సారూ, ఎంటికలు గూడ మొలుస్తున్నయ్. ఇగ పన్ను పీకుడు ఎందుకు?"

ఈ ప్రశ్న దగ్గరే ఇలాంటి కేసులు ఎక్కువగా చెడతాయి. డాక్సీసైక్లిన్ పిడుదుల జ్వరానికి ఇచ్చినా నోటి బాక్టీరియా మీద కూడా కొంత పనిచేస్తుంది, అందుకే చీము తగ్గింది. కానీ పన్ను లోపలి నరం చచ్చిపోయి, రక్తప్రసరణ లేని ఖాళీ గొట్టంలో బాక్టీరియా కూర్చుంటే మందు అక్కడిదాకా చేరదు. రక్తం వెళ్లని చోటికి మందు వెళ్లే దారి లేదు. ఇప్పటికి ఇన్నిసార్లు మానింది కదా పెద్దయ్యా, మళ్లీ ఎందుకు పగిలిందో చెప్పు అంటే కాసేపు ఊరుకుని, సరే తెస్త అన్నాడు. కోర్సు అయ్యాక ప్లేట్‌లెట్లు 2 లక్షల 30 వేలు.

ఆపరేషన్ రోజు ముందు మగతకు బ్యూటార్ఫనాల్, మిడజోలామ్ ఇచ్చి, ప్రోపోఫాల్‌తో పడుకోబెట్టి, గాలిబుడగ ఉన్న ట్యూబ్ శ్వాసనాళంలో వేసి ఐసోఫ్లూరేన్ అనే మత్తు వాయువు మీద పెట్టాం. నోటి పనికి ట్యూబ్ తప్పనిసరి. స్కేలర్ నుంచి నీళ్లు, రక్తం, గార ముక్కలు అన్నీ గొంతులోకే జారతాయి, ట్యూబ్ లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. మత్తు లేకుండా పది నిమిషాల్లో పళ్లు తెల్లగా చేస్తామనే గ్రూమింగ్ క్లీనింగులతో నాకున్న పేచీ ఇక్కడే. పైకి కనిపించే తెలుపు ఫొటోకు బాగుంటుంది, జబ్బు మాత్రం చిగురు కింద ఉంటుంది, మెలకువగా ఉన్న కుక్క అక్కడికి పరికరం పెట్టనివ్వదు.

గార తీసేశాక అసలు సంగతి బయటపడింది. ఎడమ పై నాలుగో ప్రీమోలార్ బయటి వైపు నుంచి ఒక పెచ్చు నిలువుగా చిగురు కిందిదాకా లేచిపోయి ఉంది, మధ్యలో నల్లటి చుక్క. సన్నటి సూది పెడితే ఆ చుక్కలోంచి లోపలికి దిగింది, అంటే నరం గది తెరుచుకుని ఉంది. ఎక్స్‌రేలో ముందు వేర్ల కొస చుట్టూ ఎముక కరిగి నల్లటి వలయం. కోరపళ్ల వెనక వైపు కూడా అరిగి ఉంది, కింది ముందు పళ్లు మొద్దుబారి, మిగిలిన నాలుగింటిలో ఒకటి వేలితో కదిపితే కదులుతోంది. కోరపన్ను వెనకవైపు అరుగుదల ఇనుము కొరికే కుక్క గుర్తు. బోను కడ్డీ, జాలి, గొలుసు, ఏదో ఒకటి. పగలంతా గొలుసు మీదే ఉంటాడని, విసుగొస్తే గొలుసు కొరుకుతాడని తర్వాత ఒప్పుకున్నారు.

జేబులో తెచ్చిన పన్ను ఇప్పుడు మాట్లాడింది. వేరు మొత్తం ఉంది, విరగలేదు, వేరు చుట్టూ దాదాపు కొసదాకా గార. అంటే దెబ్బకు విరిగిన పన్ను కాదు, పట్టి ఉంచే ఎముక కరిగిపోయి జారిన పన్ను. పళ్ల మీద కంటికి కనపడని పాచి ఒక్క రోజులో పేరుకుంటుంది, తీయకపోతే లాలాజలంలోని ఖనిజాలు చేరి కొద్ది రోజుల్లో గట్టిపడి గార అవుతుంది, అది చిగురు కిందికి పాకితే చిగురు వాపు, ఆ వెంట ఎముక కరగడం. కుక్కకు మనలాగా పిప్పిపళ్లు అరుదు, పళ్లు పోయేది ఎక్కువగా ఈ చిగుళ్ల జబ్బుతోనే. టైగర్ ముందు పళ్ల విషయంలో గొలుసు లాగుడు కూడా తోడై పని తొందరగా పూర్తిచేసింది.

ఇక నాలుగో ప్రీమోలార్. దాన్ని నిలబెట్టే దారి కూడా ఉంది, రూట్ కెనాల్. ఆ పరికరాలు, చేయి తిరిగిన మనిషి ఉన్నచోటికి హైదరాబాద్ పోవాలి, మళ్లీ మళ్లీ ఎక్స్‌రేలకు తిరగాలి. పోలీసు కుక్కకో, చిన్న వయసు కుక్కకో నేనే పంపుతాను. ఇక్కడ పెచ్చు చిగురు కిందిదాకా పోయింది, చుట్టూ చిగురు కూడా చెడింది, తీసేయడమే మేలనిపించింది, ముందే ఇంటివాళ్లతో మాట్లాడి ఒప్పుకున్నాం.

మూడు వేర్ల పన్నును పట్టకారుతో గుంజితే వేరు విరగడం తప్ప ఒరిగేదేమీ ఉండదు. కంటి కింది ఎముక రంధ్రం దగ్గర బుపివకైన్ ఒక మిల్లీలీటరు వేసి ఆ పక్క మొద్దుబార్చి, చిగురును రెక్కలా తెరిచి, బయటి ఎముక కొంచెం గీసి, పన్నును బర్‌తో మూడు ముక్కలు చేశాను, ఒక్కో ముక్కకు ఒక్కో వేరు. తర్వాత పరికరం మొనను వేరుకూ ఎముకకూ మధ్య సందులో పెట్టి కొంచెం తిప్పి, అలాగే పట్టుకుని ఆగాలి. పదిహేను ఇరవై సెకన్లు. పట్టి ఉంచిన నారలు అలసి తెగుతాయి, రక్తం ఊరుతుంది, వేరు కదలడం చేతికి తెలుస్తుంది. తొందరపడేవాళ్లు చేసే పని కాదు. చూపుడువేలు పరికరం మొనకు దగ్గరగా ఆనించి పట్టుకోవాలి, జారితే పైన ఉన్నది కన్ను. అంగిలి వైపు వేరు సన్నగా ఉండి సతాయించింది, చివరికి మొత్తంగానే వచ్చింది. ముందు బయటి వేరు కొస నల్లబడి, చుట్టూ మెత్తటి ఎర్రటి కండ.

ఆ గుంతను గీకి శుభ్రం చేసి సిరంజితో సెలైన్ కొడితే, మానిందనుకున్న కంటి కింది చర్మం చిన్నగా ఉబ్బింది, ఇంకొంచెం కొట్టేసరికి పాత రంధ్రం తెరుచుకుని నీళ్లు బయటికి వచ్చాయి. మా అసిస్టెంట్ దాన్ని ఫోన్‌లో వీడియో తీశాడు. తర్వాత ఆ వీడియో చూసిన పెద్దయ్య ఏమీ అనలేదు, కొడుక్కి పంపమన్నాడు.

వేరు ముక్కలేవీ మిగల్లేదని ఎక్స్‌రేలో చూసుకుని, చిగురును లాగకుండా వదులుగా కప్పి కరిగే దారంతో కుట్టాం. కంటి కింది రంధ్రానికి కుట్టు వేయలేదు, మూలం పోయాక అది దానంతటదే మూసుకుంటుంది. కదిలే ముందు పన్ను కూడా తీసేసి, మిగతావి స్కేలింగ్, పాలిష్. ఇంటికి పంపేటప్పుడు మెలాక్సికామ్ నాలుగు రోజులు, ఇప్పుడు ప్లేట్‌లెట్లు ఉన్నాయి కాబట్టి ఇబ్బంది లేదు, నోరు కడగడానికి క్లోర్‌హెక్సిడిన్, రెండు వారాలు రాగి జావ, మెత్తగా కలిపిన అన్నం, బొక్కలు తీసేసిన చికెన్.

బొక్కల మీద పెద్ద చర్చే నడిచింది. ఆదివారం మటన్ తెచ్చినప్పుడల్లా నల్లి బొక్క టైగర్‌కే. పెచ్చు లేచింది దానితోనే అని నా అంచనా, ఈ పన్నుకు ఇలా నిలువుగా పెచ్చు లేవడానికి గట్టి వస్తువు కొరకడమే అన్నిటికంటే మామూలు కారణం. "బొక్క కొరికితేనే పండ్లు సాఫైతయంటరు గదా, ఊరకుక్కలు తింటలేవా?" అన్నాడు పెద్దయ్య. నమిలితే గార కొంత తగ్గే మాట నిజమే. కానీ ఊరకుక్కల నోళ్లు ఎవరు తెరిచి చూస్తున్నారు? కుటుంబనియంత్రణ ఆపరేషన్లకు పట్టుకొచ్చినప్పుడు చూస్తే విరిగిన కోరలు, పెచ్చులు లేచిన పళ్లు మామూలుగా కనిపిస్తాయి, అవి చెప్పుకోవు అంతే. నేను చెప్పే లెక్క తేలిక, బొటనవేలి గోరుతో నొక్కితే కొంచెమైనా సొట్ట పడని వస్తువు కుక్క నోటికి ఇవ్వొద్దు. బొక్క, డెక్క, కొమ్ము, రాయి అన్నీ అందులోకే వస్తాయి. ఉడకబెట్టిన బొక్క ఇంకా చెడ్డది, చీలికలై గొంతులోనో పేగులోనో గుచ్చుకుంటుంది.

బ్రష్ అంటే తోటలో ఎవరు చేస్తారు అనుకున్నాను కానీ మనవరాలు, ఇంటర్ చదివే అమ్మాయి, ఆ పని తీసుకుంది. కుక్కల పేస్టు దొరికితే సరే, లేకపోతే వేలికి తడి బట్ట చుట్టి పళ్ల బయటివైపు, ముఖ్యంగా వెనక పై పళ్లు రుద్దినా చాలు, రోజూ చేయడమే ముఖ్యం. మన పేస్టు మాత్రం వద్దు. కుక్క ఉమ్మదు, మింగుతుంది. పెద్దయ్య ఫ్లోరైడ్‌కు అంత భయపడతాడు కదా, మన పేస్టులో ఉండేది అదే అని చెప్పినప్పుడు మాత్రం ఆయన నిజంగా ఉలిక్కిపడ్డాడు.

రెండు వారాలకు కుట్లు కరుగుతున్నాయి, చిగురు కప్పుకుంది, కంటి కింద చిన్న మచ్చ మిగిలింది. జొన్నరొట్టె మళ్లీ గాల్లోనే పట్టుకుంటున్నాడట, ముసలోడైండన్న మాట వెనక్కి తీసుకున్నారు. ఊడినవీ తీసినవీ పోను 38 పళ్లు ఉన్నాయి, తిండికి ఏ లోటూ లేదు. గొలుసు తీసేసి తోట గట్టు పొడవునా తీగ కట్టి దానిమీద జారే తాడు వేశారు, అది కూడా కొరికితే వేరే ఉపాయం చూడాలి. కుడి పై నాలుగో ప్రీమోలార్ కొసకు చిన్న పెచ్చు లేచి ఉంది, నరం దాకా పోలేదు, ఎక్స్‌రేలో వేర్లు శుభ్రంగా ఉన్నాయి. దాన్ని ముట్టుకోలేదు. ఆరు నెలలకు మళ్లీ మత్తు ఇచ్చి ఎక్స్‌రే, దానికి ముందు మళ్లీ ప్లేట్‌లెట్లు.